లీటరు దండోరా

పోశం డప్పు మీద సిర్ర పుల్ల పడగానే తుమ్మలకుంటలో ముందు మేకలు కదిలేవి. ఎవరో ఒకరు వాటి తాళ్లు విప్పి గుట్ట వైపు తోలేవారు. తరువాత వడ్ల గుమ్ములకు గడ్డి కప్పేవారు, కోళ్లను గంపల కింద మూసేవారు. మగవాళ్లు పెరటి దారిన చేన్లలోకి జారుకునేవారు. పోశం రెండో వాడ మలుపు తిరిగేసరికి వినడానికి మిగిలేది కుక్కలు, మంచం దిగలేని ముసలివాళ్లు. "ఇనుండ్రి, ఇనుండ్రి" అని వాళ్లకే చాటి, చావడికి పోయి పట్వారీతో "చాటొచ్చిన దొరా" అని చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు.

ఊరిది కూడా తప్పని అనలేం. నిజాం కాలంలో లెవీ గింజలు వసూలు చేసినప్పుడు పోశం తండ్రి బాలమల్లు ఇదే దరువు కొట్టేవాడు. మూడు దెబ్బలు, ఒక విరామం, మళ్లీ మూడు దెబ్బలు. డప్పు వెనక రెవెన్యూ గిర్దావరు వచ్చేవాడు. గిర్దావరు వెనక ఖాళీ బండ్లు వచ్చేవి. పోయేటప్పుడు అవి ఖాళీగా పోయేవి కావు. పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది. కొన్నేళ్లకు లెవీ పోయింది. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. బాలమల్లు పోయి డప్పు కొడుకు చేతికి వచ్చింది. దరువు మాత్రం మారలేదు. ఆ మూడు దెబ్బలు చెవిన పడితే తుమ్మలకుంట జనం కాళ్లు వాళ్లను అడగకుండానే లేచేవి.

కొత్త సర్కారు పాత సర్కారు కంటే ఎక్కువ కబుర్లు పంపింది. ఓట్లన్నారు, మశూచి టీకాలన్నారు, నయాపైసలన్నారు. పోశం ప్రతి ఒక్కటీ అన్ని వాడల్లో చాటాడు. నయాపైసల సంగతి ఊరికి చివరికి చొప్పదండి కల్లు దుకాణంలో తెలిసింది. అక్కడ చిల్లర కోసం కొట్లాడి వచ్చిన కైలాసం నేరుగా పోశం ఇంటికి పోయి నిలదీశాడు.

"గింత పెద్ద ముచ్చట మాకు చెప్పకపోతివేందే?"

"చెప్పిన. నీ ఇంటి ముందటనే నిలవడి చెప్పిన."

"నేను ఇంట్ల లేనప్పుడు చెప్తే ఎట్ల?"

"నేను చెప్పొస్తుంటెనే నువ్వు ఇంట్ల ఉండవైతివి."

కైలాసం ఒక బీడీ అడిగి తీసుకుని పోయాడు.

1962లో మృగశిర కార్తె వచ్చినా వాన రాలేదు. ఆ రోజుల్లోనే పట్వారీ నర్సింగరావు పోశాన్ని చావడికి పిలిపించాడు. తహసీలు నుంచి వచ్చిన అచ్చు కాగితం ఆయన చేతిలో ఉంది. పోశానికి చదువు రాదు. పట్వారీ చదువుతాడు, పోశం విని మనసులో పెట్టుకుంటాడు, తన మాటల్లో చాటుతాడు. ఎప్పుడూ జరిగేది అదే.

పట్వారీ గొంతు సవరించుకుని చదివాడు. "కేంద్ర ప్రభుత్వపు శాసనము ననుసరించి ఇకమీదట క్రయవిక్రయములందు మెట్రిక్ తూనికలును, కొలతలును మాత్రమే వినియోగింపవలెను. సేరు, మణుగు, సోల, మానిక, కుంచము మొదలగునవి చెల్లనేరవు."

"మానిక చెల్లదా దొరా?"

"చెల్లదు."

"మరి దేంతోని కొలవాలె?"

"కిలో, లీటరు. ఇనుప రాళ్లు, ఇత్తడి గిన్నెలు. వాటి మీద సర్కారు ముద్ర ఉంటది. గురువారం తూనికల ఇన్‌స్పెక్టర్ వస్తడు. చావడిల కూసుంటడు. ఎవరి పాత కొలత వాళ్లు తెచ్చుకుంటె, అది కొత్త దాంట్ల ఎంతయితదో పోల్చి చూపిస్తడు. అటెనుక చొప్పదండి అంగట్ల పాత మానిక కనవడ్డదనుకో, జప్తు చేస్తరు. ఆ మీద జుల్మానా."

పోశం తల ఊపి డప్పు అందుకోబోయాడు. పట్వారీ ఆగమన్నాడు.

"ఇంకో ముచ్చట ఇను పోశిగా. కరీంనగర్‌ల మైకు జీపు వచ్చింది. గంగాధర ఊర్ల మొన్న తిరిగిందట. పాటలు ఏసిందట. ఊరు ఊరంత జీపు ఎంబడి ఉరికిందట. తహసీల్దారు నన్ను అడిగిండు, మీ ఊరికి కూడ జీపు పంపాల్నా, మీ డప్పాయన చాలునా అని. గురువారం చావడి ముందట జనం ఉంటె నువ్వు. లేకుంటె జీపు. నీ డప్పు పెండ్లిలకు పనికొస్తది, ఫికర్ చెయ్యకు."

చాటింపు పోతే కల్లాల దగ్గర ఊరు ఇచ్చే గింజలు పోతాయి. పోశం అది ఆలోచించాడు. కాని ఇంటికి నడుస్తుంటే అతన్ని తొలిచింది గింజలు కాదు. జీపు ఎవరిదో తెలియదు, అందులో మాట్లాడేవాడు ఎవరో తెలియదు. ఆ మాట ఊరు వెంటపడి వింటుందట. తన మాట ఇన్నేళ్లలో ఒక్కరూ మొదటి నుంచి చివరి దాకా వినలేదు.

మంగళవారం పోశం చాటాడు. మూడు దెబ్బలు, విరామం, మూడు దెబ్బలు. చాటి ఇంటికొచ్చేసరికి దొడ్లో తన మేక కనిపించలేదు.

"మేకేది?" అని భార్యను అడిగాడు.

ఎల్లక్క పొయ్యి దగ్గర జొన్నపేలాలు వేయిస్తోంది. చొప్పదండి అంగడిలో ఆ పేలాలు మానికతో కొలిచి అమ్మడం ఆమె పని.

"గుట్టకు తోలిన" అంది.

"నువ్వు కూడనా? నేను ఏం చాటుతున్ననో పొద్దుగాలనే నీకు చెప్పిపోతిని గద!"

"చెప్పినవు. డప్పు ఇనంగనే చెయ్యి తాడు మీదికి పోయింది. నేనేం జెయ్యాలె? నన్ను తిడ్తె ఏమొస్తది, నీ దరువును తిట్టు. మంది నిన్ను చూసి ఉరుకుతలేరు. గా మూడు దెబ్బలకు ఉరుకుతున్నరు. ఇంకేదన్న కొట్టు."

"ఏం కొట్టాలె? పెండ్లి దరువు కొడితె పెండ్లికొడుకేడంటరు. చావు దరువు కొడితె ప్రతి ఇంట్ల ఏడుపు లేస్తది. మొండయ్య తాత మంచంల ఉన్నడు, ఆయననే అనుకుని కట్టెలు కొట్టేస్తరు."

"పీర్ల దరువు?"

"పీర్ల పండుగొచ్చిందని నిప్పుల గుండం తవ్వుతరు."

"అయితె ఊకో. జీపొస్తది, నేను కూడ పాటలు ఇంట" అంది ఎల్లక్క.

పోశం అరుగు మీద కూర్చుని, తనకు తెలిసిన దరువులన్నీ వేళ్లతో నేల మీద కొట్టుకుంటూ పోయాడు. వినగానే జనం ఇల్లు విడిచి చావడి వైపు వచ్చే దరువు ఒక్కటే ఉంది. అది ఊరబోనం దరువు.

వాన రాని ఏడు పెద్దమనుషులు కూర్చుని నిర్ణయిస్తే పోశం ఆ దరువు ఎత్తుతాడు. అప్పుడు ఇంటికొకరు బయటికి వచ్చి, చావడి ఎదురుగా వేపచెట్టు కింద ఉన్న పోశమ్మ గద్దె దగ్గరికి చేరతారు. ఊరంతటికీ ఒకే కుండలో బోనం వండుతారు. ఆ దరువుకు మాటలు అక్కర్లేదు, ఎవరినీ పిలవాల్సిన పని లేదు. పోశం మొత్తం కొట్టాలనుకోలేదు. మొదటి ఎత్తుగడ ఒక్కటి కొడదాం, జనం తలుపులు తీస్తారు, వెంటనే ఆపి సర్కారు మాట చెప్పేద్దాం అనుకున్నాడు. ఎల్లక్కకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు.

గురువారం పొద్దున ఇన్‌స్పెక్టర్ కామేశ్వరరావు చొప్పదండి నుంచి ఎడ్లబండిలో వచ్చాడు. తెనాలి వైపు మనిషి, ఉద్యోగంలో కొత్త. బండిలో నుంచి పెట్టెలు దించి, కిలో రాళ్లు, లీటరు గిన్నెలు చావడి అరుగు మీద వరుసగా పెట్టించాడు.

"జనం వస్తారంటారా పట్వారీ గారూ? నిన్నటి ఊళ్లో నలుగురొచ్చారండి. వాళ్లు కూడా మంచినీళ్లిచ్చి వెళ్లిపోయారు."

"చూద్దాం" అన్నాడు పట్వారీ, పోశం వైపు చూస్తూ.

పోశం చెత్త మంట మీద డప్పు కాచాడు. తోలు బిగిసిందో లేదో వేలితో తట్టి చూసుకుని, భుజానికి వేసుకుని మొదటి వాడలోకి పోయాడు. అక్కడ సిర్ర, చిటికెన పుల్ల రెండూ కలిపి ఊరబోనం దరువు ఎత్తాడు.

ఒక తలుపు తెరుచుకుంది. తరువాత ఎదురింటి తలుపు. సత్తమ్మ బయటికొచ్చి "ఇప్పుడే రావాల్నా పోశన్నా?" అని అడిగింది. పోశం రెండు చేతులూ డప్పు మీద ఉన్నాయి. తల ఊపాడు. సత్తమ్మ లోపలికి పరుగెత్తింది. ఏ ఇంట్లోనూ ఎవరూ పెరటి దారి పట్టలేదు. పోశం రెండో వాడకు పోయాడు. అక్కడా తలుపులు తెరుచుకున్నాయి. సర్కారు పని మీద పోయినప్పుడు ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనిది, తన డప్పుకు మనుషులు బయటికి వస్తున్నారు. ఎత్తుగడ దగ్గర ఆపాలనుకున్న సంగతి అతని చేతులు మరిచిపోయాయి.

చివరి వాడ మలుపులో వెనక్కి తిరిగి చూశాడు.

ఊరి ఆడవాళ్లు తన వెనక వస్తున్నారు. ఒక్కొక్కరి నెత్తి మీద ఒక మానికో, కుంచమో ఉంది. దాని నిండా బియ్యం, అంచు దాటి గోపురంలాగా రాశి, రాశి మీద పసుపు, వేపరెమ్మ. వాళ్ల వెనక మగవాళ్లు కట్టెల మోపులతో వస్తున్నారు.

పోశం లెక్కలోకి తీసుకోనిది ఒకటే. తుమ్మలకుంటలో ఊరబోనానికి బియ్యం మూటలో తేరు. ఇంట్లో ఏ పాత్రతో గింజలు కొలుస్తారో అదే పాత్రలో, రాశి పోసి తెస్తారు. ఆ దరువు వింటే చెయ్యి బియ్యం కుండలోకి పోతుంది, మూడు దెబ్బలు వింటే తాడు మీదికి పోయినట్టే. పైగా ఈ ఏడు వాన లేదు. పెద్దమనుషులు ఎప్పుడు చెబుతారా అని ప్రతి ఇల్లూ ఎదురుచూస్తోంది.

ఇక ఆపుదామన్నా వీల్లేదు. ఊరబోనం దరువు ఎత్తితే గద్దె చేరేదాకా ఆగకూడదు. ఆగితే ఊరికి అరిష్టం. పోశం ముందు నడిచాడు, డప్పు మోగింది, ఊరంతా అతని వెనక నడిచింది. వరసలో ఎల్లక్క కూడా కనిపించింది. పేలాలు అమ్మే మానిక నిండా బియ్యం పోసుకుని నెత్తిన పెట్టుకుంది.

చావడి అరుగు మీద ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు.

"పట్వారీ గారూ! చూడండి! ఊరంతా కొలపాత్రలు పట్టుకుని వస్తున్నారండి!"

పట్వారీకి మొదటి దెబ్బకే సంగతి తెలిసిపోయింది. "అవునండి" అని మాత్రం అన్నాడు.

"బియ్యంతో సహా తెచ్చారండి! పోల్చి చూడాలంటే గింజలు కావాలని వీళ్లకెవరు చెప్పారండి? తాలూకాలో ఇలాంటి ఊరు లేదు. ఎంత క్రమశిక్షణ!"

ఆయన అరుగు దిగి, అందరికంటే ముందున్న కిష్టవ్వ దగ్గరికి పోయి, ఆమె దించుతున్న మానిక అందుకోబోయాడు. కిష్టవ్వ కైలాసం తల్లి. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"ముట్టకు! పోశమ్మది!"

డప్పు ఆగింది. పోశం గద్దె చేరాడు.

వేపచెట్టు మొదట్లో కూర్చున్న శంకరవ్వ లేచింది. బోనాల నాడు పోశమ్మ ఆమె మీదికి వచ్చి పలుకుతుందని ఊరి నమ్మకం. మిగతా రోజుల్లో ఆమె తన నోటితోనే పలికేది. దానికి కూడా ఊరు అంతే భయపడేది.

"ఊరబోనమని ఎవలు జెప్పిండ్రు?" అంది శంకరవ్వ. "పెద్దమనుషులు కూసున్నరా? నాకెవలన్న జెప్పిండ్రా? నేను ఇంక తానం కూడ చెయ్యలే."

ఊరు పెద్దమనుషుల వైపు చూసింది. పెద్దమనుషులు పట్వారీ వైపు చూశారు. పట్వారీ పోశం వైపు చూశాడు. పోశం వెనక ఇంకెవరూ లేరు.

"నేనే కొట్టిన అవ్వా" అన్నాడు. "ఎవలూ చెప్పలే."

"ఎందుకు కొట్టినవురా?"

"సర్కారు దరువు కొడితె ఉరుకుతున్నరు. మొన్న చాటిన, ఒక్కరు ఇనలే. ఇయ్యాల ఇనకపోతె రేపు అంగట్ల మన మానికలన్ని గుంజుకుపోతరు. మీరు బయటికొస్తరని కొట్టిన. బియ్యం తెస్తరని యాదికి రాలే."

గుంపులో గోల లేచింది. "పోశమ్మతోని మజాకానారా?" అని కైలాసం ముందుకొచ్చాడు. "వాన వస్తలేదని మేము పరేషాన్‌ల ఉంటె, నువ్వు సర్కారు పనికి పోశమ్మవ్వ దరువు కొడ్తవా? దండుగ కట్టియ్యాలె వీనితోని!"

ఎల్లక్క తన మానిక గద్దె అంచున దించి, కొంగు నడుముకు చెక్కుకుంది.

"నా మొగడు చేసింది గాడిద పని. ఇంటికి పోయినంక నేను చెప్త ఆయన సంగతి. గాని నువ్వు ఆగు కైలాసం. మొన్న మంగళారం ఆయన చాటుతుంటె నువ్వేడున్నవు? మా చేను గట్టు చాటుకు బోర్ల పండుకున్నవు. నేను చూసిన. నేను మేకను తోల్కపోతున్న, నువ్వు పండుకున్నవు. ఎవలన్న ఉన్నరా ఇక్కడ, మొన్న ఈయన మాట ఇన్నోళ్లు? ఉంటె చెయ్యెత్తుండ్రి. గా మనిషికే దండుగ కడ్త నేను."

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. మొండయ్య తాతను అప్పటికే మంచంతో సహా మోసుకొచ్చి నీడన దించి ఉన్నారు. ఆయన ఒక్కడు ఎత్తాడు. "నేనిన్న" అన్నాడు. "ఏదో గిన్నెల ముచ్చట." కొందరు నవ్వారు. శంకరవ్వ నవ్వలేదు. పోశం దగ్గరికొచ్చి నిలబడింది.

"చెప్పు" అంది. "అవ్వ దరువు మీద పిలిచినవు గద, అవ్వ కూడ ఇంటది. ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్కటన్న అబద్ధముంటె నీ డప్పు గీ చెట్టుకే వేలాడగడ్త."

పోశం గుంపు వైపు తిరిగాడు. ఊరంతా ఎదురుగా నిలబడి ఉంది. ఎప్పుడూ మూసిన తలుపులకు చెప్పిన మాట ఇప్పుడు మొహాలకు చెప్పాలి. కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

"ఇనుండ్రి, ఇనుండ్రి, ఊరోల్లందరు ఇనుండ్రి! ఢిల్లీ సర్కారు హుకుం. దేశం మొత్తానికి ఒక్కటే కొలత. సేరు పోయింది, మణుగు పోయింది, మానిక పోయింది, కుంచం పోయింది. అమ్ముడు కొనుడు ఇగ కిలోతోని, లీటరుతోని. ముద్ర ఉన్న గిన్నెతోనే కొలవాలె. అంగట్ల పాత మానిక తీస్తె..."

"జర ఆగు" అంది సత్తమ్మ. "లీటరంటె మానెడేనా?"

పోశం కళ్లు తెరిచాడు. చాటింపు మధ్యలో ఎవరూ అతన్ని ఏమీ అడిగి ఎరగరు.

"మానెడు కంటె ఎక్కువనా, తక్కువనా?" అన్నాడు గుంపు వెనక నుంచి రాజం. "పాలకు కూడ గదేనా?" అని ఇంకొకరు. "మరి కల్లుకు?" అని కైలాసం. దండుగ మాట అతను మరిచిపోయినట్టున్నాడు.

"నాకెరుక లేదు" అన్నాడు పోశం. "సారు చెప్తడు. గందుకే వచ్చిండు."

ఇన్‌స్పెక్టర్‌కు అప్పటికి సంగతి అర్థమైంది. ఇందాక క్రమశిక్షణ అన్నందుకు చెవులు ఎర్రబడ్డాయి. అయినా లీటరు గిన్నె తీసుకొచ్చాడు.

"మీ మానికలో గింజలు ఇందులో పోస్తే తెలుస్తుందండి. కాని ఇవి అమ్మవారి బియ్యమంటున్నారు. నేను ముట్టుకోవచ్చో లేదో నాకు తెలీదు."

అందరూ శంకరవ్వ వైపు తిరిగారు. ఆమె గిన్నెను తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ముద్ర మీద వేలు పెట్టి చూసింది. వేపాకు నీళ్లు దాని లోపల చల్లింది.

"రాశి పోసినంక బియ్యం ఇంటికి తిరిగి పోవద్దు" అంది. "ఇగ ఇయ్యాల బోనం ఒండుడే. కుండల పోసేటియే గద, నడుమ గీ గిన్నెలకెళ్లి పోతె అవ్వకేం అడ్డం? పొయ్యుండ్రి."

కిష్టవ్వ మానిక నుంచి మొదట పోశారు. ఇన్‌స్పెక్టర్ తనకు నేర్పిన ప్రకారం కర్ర ఒకటి తీసి గిన్నె అంచు మీద గీశాడు. పైనున్న గింజలు కింద పెట్టిన పళ్లెంలో రాలాయి. గుంపులో ఆడవాళ్లు "అయ్యో" అన్నారు.

"అవ్వ రాశి కొట్టేస్తివేందయ్యా!" అంది శంకరవ్వ.

"నిబంధన అదేనమ్మా. కొలత అంచుకు సమానంగా ఉండాలి. రాశి పోస్తే ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క రాశి వస్తుంది."

"బోనానికి రాశి లేకుంటె బోనమే కాదు."

ఇన్‌స్పెక్టర్‌కు ఇలాంటి ప్రశ్న వస్తుందని ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

"ఇది అమ్మకమా?" అని పట్వారీని అడిగాడు.

"కాదు."

"కొనుగోలా?"

"అదీ కాదు. పోశమ్మ దేనికీ డబ్బియ్యదు" అన్నాడు పట్వారీ.

"అయితే చట్టం అమ్మకానికీ, కొనుగోలుకూ మాత్రమే. అమ్మవారికి వర్తించదు." కర్ర పక్కన పెట్టి, రాలిన గింజలు తన దోసిలితో గిన్నె మీద గోపురంగా పోశాడు. "ముందు అంచుకు కొట్టి పోల్చి చూపిస్తాను. తరువాత రాశి పోసి కుండలో వేద్దాం. రెండూ జరుగుతాయి."

"గట్ల చెప్పు" అంది శంకరవ్వ.

ఆ తరువాత పని జోరుగా సాగింది. ఒక్కొక్క ఇంటి మానిక వచ్చింది, లీటరులోకి ఒలికింది, కుండలోకి పోయింది. లీటరు సంగతి ఊరికి తెలిసే లోపు ఇంకొకటి తెలిసింది. ఊళ్లో మానికలన్నీ ఒక్కటి కాదు. ఎల్లక్క మానిక, సత్తమ్మ మానిక ఇంచుమించు సమానం. కిష్టవ్వది ఆ రెండింటికంటే గుప్పెడు తక్కువ.

సత్తమ్మ రెండోసారి పోయించి చూసింది. మళ్లీ గుప్పెడు తక్కువే.

"ఏమత్తా" అంది, "పోయిన నెల నాకు బియ్యం బదులిచ్చింది గీ మానికతోనేనా? తిరిగి మలుపుకున్నప్పుడు మాత్రం నా మానికతోని తీసుకుంటివి?"

"మా అత్త కాలం నాటిదే పిల్లా అది" అంది కిష్టవ్వ. "అరిగింది."

"లోపల అరిగితె పెద్దగయితది గదనే అత్తా, చిన్నగెట్లయితది?"

గుంపు పగలబడి నవ్వింది. కైలాసం కూడా నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగాడు. కిష్టవ్వ మానికను కొంగు చాటున దాచి, "ఏం నవ్వుతున్నరు? మీయి తియ్యుండ్రి, మీయి కూడ చూద్దాం" అంది. ఆ మాటతో అసలు కొట్లాట మొదలైంది. ఎవరి మానిక పెద్దది, ఎవరిది చిన్నది, ఎవరు ఎవరికి దేనితో బదులిచ్చారు. పోశం ఆ గోల మధ్యలో డప్పు పట్టుకుని నిలబడ్డాడు. చాటింపులో మిగిలిపోయిన మాట చెప్పడానికి అతనికి సందు దొరకలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. "అందరికి ఒక్కటే గిన్నె ఉంటె గీ లొల్లి ఉండదు" అని రాజం అన్నాడు. ఆ తరువాత ఇన్‌స్పెక్టర్ పెట్టెల ముందు వరస కట్టారు.

మధ్యాహ్నానికి బోనం ఉడికింది. శంకరవ్వ స్నానం చేసి వచ్చి గద్దె మీద పెట్టింది. వాన ఆనాడు పడలేదు. ఎప్పటిలాగే వాడకో వరసగా కూర్చుని విస్తళ్లలో తిన్నారు. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని పోశం దగ్గరికొచ్చాడు.

"రేపు పక్క ఊరికి వెళ్తున్నానయ్యా. నాతో వచ్చి అక్కడ కూడా ఈ దరువు వాయిస్తావా?"

"వద్దు సారు. గా ఊరి పోశమ్మ ఎట్లాంటిదో నాకెరుక లేదు."

పట్వారీ తాంబూలం నములుతూ, "జీపు అక్కర్లేదని తహసీల్దారుకు చెప్త" అన్నాడు, పోశానికి మాత్రమే వినిపించేలా.

కాని శంకరవ్వ ఇంకా వదల్లేదు. "ఇటు రా" అని పోశాన్ని పిలిచి అందరి ముందు నిలబెట్టింది. "ఇంకోసారి సర్కారు పనికి అవ్వ దరువు ఎత్తితె నీ చేతులు పడిపోతయి. ఇన్నవా?"

"ఇన్న అవ్వా. మరి పాతది కొడితె మీరు ఉరుకుతరు. నేనేం కొట్టాలె?"

"కొత్తది కట్టు" అన్నాడు మొండయ్య తాత మంచంలో నుంచి. "ఇక్కడనే కట్టు. ఇనంగ చెప్తం, ఉరకబుద్ధయితదో కాదో."

పోశం డప్పు మళ్లీ కాచుకున్నాడు. రెండు దెబ్బలు వేసి చిటికెన పుల్లతో గీశాడు. "గిది గంగిరెద్దులోల్లది" అన్నారు. మార్చాడు. "గిది కోతులాటది, పైసలడుగుతరనుకుంటం." ఇంకోటి కొట్టాడు. అది వింటే పెండ్లి యాదికొస్తుందని సత్తమ్మ, చావు యాదికొస్తుందని ఆమె మొగడు అన్నారు. దాని మీద కొంతసేపు నవ్వులు. కైలాసం తింటున్న విస్తరి వదిలేసి వచ్చి, అక్కడ ఒక దెబ్బ తగ్గించు, ఇక్కడ ఒకటి పెంచు అని చెప్పసాగాడు. చివరికి ఒకటి కుదిరింది. ఒక దెబ్బ, చిటికెన పుల్లతో సాగదీసిన గీత, మళ్లీ రెండు దెబ్బలు. పోశం అది రెండు మూడుసార్లు కొట్టాడు. ఎవరి చేతులూ దేని మీదికీ పోలేదు. ఎవరికీ ఏమీ యాదికి రాలేదు.

"గిది మంచిగున్నది" అంది శంకరవ్వ. "గిది కొడితె ఇంటం. ఇన్నంక చేసుడు, చెయ్యకపోవుడు మా ఇష్టం."

"అది నా పని కాదవ్వా. నాది చెప్పుడే" అన్నాడు పోశం.

పట్వారీ ఇలాంటి సమయం మళ్లీ దొరకదనుకున్నాడు. చావడిలోకి పోయి ఇంకో కాగితం తెచ్చి, మశూచి టీకాల సంగతి పోశం చెవిలో చెప్పాడు. పోశం కొత్త దరువు ఎత్తాడు. తిన్నవాళ్లు, తింటున్నవాళ్లు అటు తిరిగారు.

"ఇనుండ్రి, ఇనుండ్రి! సోమవారం చావడిల టీకాలేస్తరు. చిన్నలు పెద్దలు అందరు..."

"సూది ఎంత పొడుగుంటది?" అని కైలాసం అడిగాడు.

పోశం చాటింపు ఆపి పట్వారీ వైపు తిరిగాడు. ఊరంతా పట్వారీ వైపు తిరిగింది.